జారిపోయిన పొట్టి గీత

ల్యాబులో అతన్ని ఎదురుగా డైరెక్టరు గారనేవారు, వెనక మాత్రం ఫుల్‌స్పీడు అనేవారు. అతనికి అతికినట్టు సరిపోయింది ఆ రెండో పేరే. ఎదుటివాళ్ళు సగం మాటలో ఉండగానే జవాబు చెప్పేసి, అదే తెలివితేటలనుకుని మురిసిపోయే రకం. ఇంట్లో పెళ్ళాం తలనొప్పి అన్నా, నొప్పి ఎక్కడో వినకుండానే మందు చెప్పేవాడు.

అలాంటి మనిషికి జెల్ పని అప్పగించకూడదు. జెల్ అంటే మెత్తగా వణికే పలక. దానికి ఒక చివర చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో డీఎన్ఏ పోసి కరెంటు పెడితే, ముక్కలు జెల్‌లోని సన్నటి సందుల్లోంచి రెండో చివరకు దూరుకుంటూ పోతాయి. చిన్నవి ముందు ఉరుకుతాయి, పెద్దవి వెనక ఈడ్చుకుంటూ వస్తాయి. ఒక గుంటలో కొలతలు తెలిసిన ముక్కలు పోస్తారు, దాన్ని ల్యాడర్ అంటారు. రంగు పట్టించి యూవీ దీపం మీద పెడితే గీతలు వెలుగుతాయి. ల్యాడర్ గీతలతో పోల్చి ఏ ముక్క ఎంత పొడుగో చెప్పాలి.

అతని మామగారు కండరాలు కరిగిపోయే జబ్బుతో ఏళ్ళ తరబడి మంచం పట్టి చనిపోయాడు. అది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. తండ్రి నుంచి అది దిగినవాళ్ళకు జన్యువులో కొంత తెగిపోయి, మామూలు పొడుగు గీతతో పాటు ఇంకో పొట్టి గీత వస్తుంది. అతని భార్యకు ఆ పొట్టి గీత రాలేదు. మరదలి సంగతి తేలాలి. ఆమెకు కొత్తగా పెళ్ళయింది, బిడ్డను కనాలా వద్దా అన్నది ఆ గీత మీదే ఉంది.

అతనితో కలిసి చదువుకున్న సైంటిస్టు ఒకామె అక్కడే పనిచేసేది. "ఇంటివాళ్ళ శాంపిల్ మనం చేసుకోకూడదు, నాకివ్వు," అంది.

"మా మరదలి పని నేను కాక ఇంకెవరు చేస్తారు?" అని ఛాతీ విరిచాడు ఫుల్‌స్పీడు.

చేశాడు, మహా చేశాడు. వోల్టేజీ రెట్టింపు పెట్టి, ఫోనులో ఎవరితోనో గొప్పలు చెప్పుకుంటూ కూర్చున్నాడు. ముక్కలు ఎంతవరకు వచ్చాయో తెలిపే నీలం రంగు జెల్ చివర దాటి, చుట్టూ ఉన్న ద్రావణంలో కలిసిపోయింది. అది చూసి ఎవరైనా గతుక్కుమంటారు. ఇతను మాత్రం దీపం వేసి, ఒక్క గీత కనబడగానే మరదలికి ఫోన్ కొట్టాడు.

"ఒకటే గీత! నీకే రోగమూ లేదు. నేనే స్వయంగా చేశాను, తెలుసా?"

అవతల ఆమె ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు సైంటిస్టు ఆ ఫోటో చూసింది. "ల్యాడర్‌లో కింది గీతలేవి?"

"పైవి ఉన్నాయిగా."

"కిందివి జెల్ దాటిపోయాయి. పొట్టి ముక్క ఉంటే అదీ వాటితోనే పోయుంటుంది. నువ్వు లేదన్నది దేన్ని చూసి?"

ఆమె మిగిలిన శాంపిల్‌ను మళ్ళీ జెల్‌లో పోసి నిదానంగా నడిపించింది. ఈసారి ల్యాడర్ మొత్తం నిలిచింది. దాని పక్కన రెండు గీతలు వెలిగాయి, పొడుగుదీ పొట్టిదీ.

అతనికి నిజంగానే బాధేసింది. ఆ బాధ మరదలి కోసం కొంత, పరువు కోసం చాలా. అప్పుడే మరదలు థాంక్స్ చెప్దామని వచ్చింది. "బావా, ఇన్నాళ్ళకి రాత్రి కంటినిండా నిద్రపోయాను," అంది.

అతను గడియారం చూసుకున్నాడు. "నాకు మీటింగుంది. చిన్న వివరమేదో ఉందిట, మేడమ్ చెప్తారు. ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకుంటేనే బాగుంటుంది," అని గది దాటి తలుపు మూశాడు. మీటింగూ లేదు, మన్నూ లేదు. పిరికిసన్నాసి గోడకానుకుని, లోపల ఏడుపు మొదలవుతుందేమోనని చెవులు రిక్కించాడు.

ఏడుపు వినబడలేదు. సైంటిస్టు చెప్పడం అయ్యాక మరదలు ఒక్క మాట అడిగింది.

"బావకి తెలుసా?"

"తెలుసు," అంది సైంటిస్టు.