మూడు అనగానే

ఊరంతా మా అక్కను సిస్టర్ అంటారు. అసలు చెల్లెల్ని నేనొక్కదాన్నే కాబట్టి నాకది మొదటినుంచీ ఒళ్లుమంటే. వీధిలో ఎవరికి సూది వేయాలన్నా, కట్టు మార్చాలన్నా మా గుమ్మంలో నిలబడి "సిస్టర్ ఉన్నారా?" అంటారు. ఈవిడ తింటున్న కంచం పక్కన పెట్టి వెళ్లిపోతుంది. నేను గొణుగుతాను. ఆమె వినిపించుకోదు.

అక్క పనిచేసేది ఎముకల వార్డులో. కాళ్లు విరిగినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, తమంతట తాము పక్కకి కూడా తిరగలేరు. ఇద్దరు నర్సులు మంచానికి చెరోవైపు నిలబడి, రోగి కిందున్న దుప్పటి అంచులు పిడికిళ్లకు చుట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అంటూ ఒక్కసారే ఎత్తాలి. మనుషుల్ని ఎత్తే యంత్రం ఒకటి ఉందిలెండి. చక్రం ఊడి మూలన పడి ఉంది. దానిమీద తడి తువ్వాళ్లు ఆరేసుకుంటారు.

మంచానికి అవతలివైపు ఎప్పుడూ పొట్టి సిస్టరే. ఆ పేరు వార్డులో ఆయా పెట్టింది. ఎదురుగా పిలిచినా ఆవిడ నవ్వేస్తుంది. ఏళ్ల తరబడి ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఒకరు సెలవు పెడితే రెండోవాళ్ల మొహంలో కళే ఉండదు. జోడెద్దులని కూడా ఆ ఆయానే అంది.

ఈమధ్య ఇంట్లో అక్క చేష్టలు వింతగా ఉండేవి. చెంచా కింద పడితే కాలివేళ్లతో పట్టుకుని పైకి తీసేది. "సర్కస్‌లో చేరతావా ఏంటక్కా?" అన్నాను. నవ్వి ఊరుకుంది. ఒకరోజు స్నానాల గది తలుపు తీస్తే గోడ పట్టుకుని నిలబడి ఉంది. కళ్లనిండా నీళ్లు. నడుం నొప్పట, ఎన్నాళ్లనుంచో.

"సెలవు పెట్టి చూపించుకో. పనిచేసేది ఎముకల డాక్టర్ల దగ్గరే కదా!"

"వాళ్లకే తెలియకూడదు," అంది.

అక్కది కాంట్రాక్టు ఉద్యోగం. పోయిన ఏడాది పక్క వార్డులో ఒకావిడ నడుం నొప్పి అంటే, పాపం విశ్రాంతి తీసుకోమ్మా అని ఎంతో దయగా ఇంటికి పంపారు. మళ్లీ పిలవలేదు. బావగారి దుకాణం మూతపడ్డాక మా ఇల్లు నిలబడింది అక్క ఉద్యోగం మీదే. అందుకే ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది.

"మరి మనుషుల్ని ఎత్తేటప్పుడో?"

"ఏదో మేనేజ్ చేస్తున్నాలే."

ఆ మేనేజ్ చేయడమేమిటో పోయినవారం తెలిసింది. తుంటి ఆపరేషనైన భారీ మనిషి ఒకాయన్ను మంచం పైభాగానికి జరపాలి. మూడు అనగానే పొట్టి సిస్టర్ "అమ్మా!" అంటూ మంచం పక్కనే కూలబడింది. రోగికి ఏమీ కాలేదు. ఆయన పూర్తిగా పరుపు మీదికి చేరేదాకా ఆవిడ దుప్పటి వదల్లేదట. వెన్నులో డిస్క్ జారిందన్నారు.

చూడడానికి ఆవిడ ఇంటికి అక్కతో నేనూ వెళ్లాను. ఒకే గది, కిటికీ పక్కన మంచం. ఆవిడ భర్త మూలన స్టవ్ మీద టీ పెడుతున్నాడు.

"ఏంటే ఆ మొహం? నేనింకా బతికే ఉన్నా," అంది పొట్టి సిస్టర్. "వచ్చారుగా, కాస్త పక్కకి తిప్పండి. వీపు వాచిపోయింది."

నేను ఒకవైపు వెళ్లాను. అక్క రెండోవైపు నిలబడి అలవాటుగా దుప్పటి అంచు పిడికిలికి చుట్టుకుంది. "ఒకటి, రెండు..."

"నువ్వు వదిలెయ్," అంది పొట్టి సిస్టర్ మెల్లగా. "మా ఆయన పట్టుకుంటాడు."

"ఎందుకే?"

"మూడు అన్నాక నీ చేతులైతే లేస్తున్నాయి గానీ బరువు మొత్తం నా వైపే పడుతోందే. ఎండాకాలం నుంచీ చూస్తున్నా."

"నన్ను అడగొచ్చు కదా" అంది అక్క.

"అడిగితే నువ్వు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే నిన్ను పంపేస్తారు. కాలు జారిందని హెడ్ సిస్టర్‌తో చెప్పా. నువ్వూ అదే చెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలియలేదు. అక్క దుప్పటి వదిలేసి కిటికీ దగ్గరికెళ్లి, ఏడుస్తూనే హెడ్ సిస్టర్‌కి ఫోన్ చేసింది.

"కాలు జారలేదు మేడమ్. నేనే బరువు పట్టలేదు. నా నడుం ఎప్పుడో పోయింది."

హెడ్ సిస్టర్ గొంతు గదంతా వినపడింది. "ఇద్దరూ ఇలా పడుకుంటే రేపు పొద్దున నేనెవర్ని పెట్టుకోవాలమ్మా? రేపటికి వచ్చెయ్. కొత్తమ్మాయిని నీకు జోడీగా వేస్తా. నీ సంగతి తర్వాత చూద్దాం."

"అలాగే మేడమ్" అనేసింది అక్క. ఇన్నేళ్ల అలవాటు. తర్వాత చూడడమంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆవిడ భర్త చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆయనా నేనూ కలిసి తిప్పాం. పళ్లు బిగబట్టి గోడవైపు తిరిగింది పొట్టి సిస్టర్. అక్క మంచం దగ్గరికి రాకుండా కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"ఆ కొత్త పిల్లకైనా ముందే చెప్పవే," అంది పొట్టి సిస్టర్ గోడవైపే చూస్తూ.