ముసలి మేఘవీరుడికి మా సార్ ముఖం

జీవితంలో ఒకే ఒక్క బొమ్మల కథ గీశాను. దాంతో నాకు పని నేర్పిన మనిషి నోట్లో మట్టి కొట్టాను. ఎలాగో చెబుతాను, నవ్వొస్తే మొహమాటపడకండి.

తొంభైల మొదట్లో సూర్యాపేటలో కొమురయ్య సార్ దగ్గర బోర్డులు రాయడం నేర్చుకునేవాణ్ణి. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా మా అక్షరాలు లేని బజారు లేదు. ఏ బోర్డయినా సరే, కింద మూలన ‘కొమురయ్య ఆర్ట్స్, సూర్యాపేట’ అని రాయందే నిచ్చెన దిగకూడదు. ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. ఆ ఏడు ఆయన చెయ్యి వణకడం మొదలైంది. వంకర పోయిన గీతలను నేను సరిచేసేవాణ్ణి. సంగతి మా ఇద్దరికే తెలుసు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు, బుద్ధి ఇంకా రాలేదు. ఓ వారపత్రిక బొమ్మల కథల పోటీ పెట్టింది. మబ్బుల్లో ఎగురుతూ మెరుపులు విసిరే మేఘవీరుడనే వీరుణ్ణి కల్పించి, ముప్పై ఏళ్ల తర్వాత ముసలివాడైపోయినట్టు గీశాను. మోకాళ్ల నొప్పులతో ఎగరలేక కోదాడ బస్సెక్కుతాడు. ఎవరూ సీటివ్వరు. దొంగ మీదికి మెరుపు విసిరితే చెయ్యి వణికి పాన్‌డబ్బా కాలిపోతుంది. వీరుడికి ముఖమొకటి కావాలి కదా, ఎదురుగా సార్ ఉన్నాడు. గుబురు మీసం, దారం కట్టిన కళ్లద్దాలు, అన్నీ దించేశాను. పేరు వేరే పెట్టాను కాబట్టి ఎవరూ పోల్చుకోరనుకున్నాను. చూశారా తెలివి!

కథ అచ్చయింది. నా పేరు ఎక్కడా లేదు. ఆఖరి బొమ్మ కింద, మూలన, ముత్యాల్లాంటి అక్షరాలతో ‘కొమురయ్య ఆర్ట్స్, సూర్యాపేట’ అని ఉంది. చెయ్యి తన అలవాటు ప్రకారం రాసేసింది, పత్రికవాళ్లు అదే నమ్మారు.

మిర్యాలగూడలో ఓ రైస్‌మిల్లు ప్రహరీ గోడంతా రాసే పని మాకిస్తామని మాటిచ్చారు. ఏడాదంతా సార్ దాని మీదే ఆశ పెట్టుకున్నాడు. ఇద్దరం వెళ్లేసరికి మిల్లు సేటు ఆ పత్రిక పట్టుకుని పడీపడీ నవ్వుతున్నాడు.

"కొమురయ్యా, చెయ్యి వణుకుతదని నీ బొమ్మ నువ్వే ఏసి చెప్పినవ్, మంచిదే అయింది. గోడ పని కోదాడాయనకు ఇచ్చిన. నువ్వు జర ఆరాం చెయ్యి."

తప్పు నాదని చెప్పకుండా బ్రష్షుల సంచీ భుజానికేసుకున్నాను. ఇంకా సిగ్గుచేటు సంగతేమిటంటే, అప్పుడు కూడా పత్రికలో నా పేరు రాలేదన్న బాధ లోపల కొంచెం ఉంది.

తిరుగు బస్సులో సార్‌కు సీటు దొరకలేదు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో పత్రిక పట్టుకుని కథంతా రెండుసార్లు చదివాడు. తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది.

"బొమ్మ మంచిగొచ్చింది రా," అన్నాడు. "కింద పేరే తప్పు రాసినవ్. రేపటి సంది నీ పేరే రాసుకో."

ఆయన మళ్లీ నిచ్చెన ఎక్కలేదు.

నా పేరే రాసుకున్నాను, ఫ్లెక్సీలు వచ్చి దాన్ని తుడిచేసేదాకా. ఇప్పుడు నా కళ్లద్దాలకూ దారం ఉంది. కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రాబోయే కాలం బొమ్మ ఇక జన్మలో గీయను. మాట తప్పుతానని భయపడకండి, నాకూ గీత తిన్నగా రావడం లేదు.