సింహాచలం చోట రాయి

ఆ రోజు ఉదయం ఏడుంపావుకి పంచాయతీ రేడియోలో వార్తలు ముగిశాయి. రేడియో కట్టేసి, గదికి తాళం వేసి, తాళంచెవి మునసబు గారింట్లో ఇచ్చి, సింహాచలం వాళ్లింటికి బయలుదేరాను. ఉద్యోగం రాకముందు ఆ రేడియో చూసుకునే పని నాది కనుక వేళ ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. తర్వాత జరిగినదానికి మాత్రం వేళలు నాకు తెలియవు.

దయ్యాలున్నాయని నేను అప్పుడు అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా బడిలో సామాన్యశాస్త్రం చెప్పాను. చూశామని చెప్పేవాళ్ల మాటల్లో సగం భయం, సగం ఎక్కడో విన్నది ఉంటుందని నా అభిప్రాయం. అందుకే ఇన్నాళ్లూ ఇది రాయలేదు. ఆ రోజు నా వెనక దోనెలో వచ్చిన ఎర్రయ్య పోయిన చలికాలం పోయాడు. ఆ రోజు జరిగింది దగ్గరుండి చూసినవాళ్లలో ఇక నేనే మిగిలాను.

మాది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి ఎగువన ఒక చిన్న ఊరు. ఇది అరవైల చివర మాట. మా పొలాలు సగం ఏటికి అవతల ఉండేవి. అందుకని కాస్త ఉన్న ప్రతి ఇంటికీ ఒక తాటిదోనె ఉండేది. ముదిరిన పోతుతాడిని పడగొట్టి, బాడితతో లోపల తొలిచి, ఇద్దరు కూర్చునేలా చేసేవారు. చెట్టు మొదలు లావుగా ఉంటుంది కాబట్టి అది వెనక. దోనె అడుగు గుండ్రం. కదలకూడని వేళ కదిలితే బోల్తాయే.

శ్రావణం పోయి భాద్రపదం వచ్చేసరికి వరద తీయడం మొదలయ్యేది. అప్పుడు మా ఈడువాళ్లం దోనెల్ని బండ్ల మీద మూడు మైళ్లు ఎగువకు తీసుకుపోయి నీళ్లలో దించేవాళ్లం. ఆ మూడు మైళ్లలో ఏరు బండల మధ్య నుంచి వస్తుంది. నీళ్లు ఎర్రగా, నురగ కడుతూ, మనిషి మాట మనిషికి వినపడనంత హోరుగా ఉండేవి. మా రేవు ముందెవరు చేరితే వాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల దోనెను భుజాన మోసుకుపోయి వాళ్ల ఇంటి చూరు కింద పెట్టాలి. పందెం అంతే.

మా జోడీలో నేను ముందు, సింహాచలం వెనక. ముందువాడి చేతిలో తెడ్డు, వెనకవాడి చేతిలో గెడ. దోవ చూపడం వెనకవాడి పని. హోరులో కేకలు వినపడవు గనుక గెడతో దోనె అంచు మీద కొట్టేవాడు. ఒక దెబ్బ అయితే ఎడమ, రెండు అయితే కుడి. ఆ దెబ్బ చెవికి వినపడదు. మోకాళ్ల మీద కూర్చుంటాం కాబట్టి చెక్క ద్వారా మోకాళ్లకు తెలుస్తుంది. ముందువాడు వెనక్కి తిరగకూడదు. మొదటి ఏడాది నేనొకసారి తిరగబోయాను. ఒడ్డుకు చేరాక సింహాచలం అన్నాడు:

"బావా, ఎనక్కి తిరిగితే నా మొకం కనిపిస్తాది, ముందుకి సూస్తే ఏరు కనిపిస్తాది. ఏది బాగున్నాదో నువ్వే సూసుకో."

అలా నాలుగేళ్లు దిగాం. రెండుసార్లు గెలిచాం. ఒకసారి ఎర్రయ్యా వాడి తమ్ముడూ మా దోనె మోస్తుంటే సింహాచలం అందులోకెక్కి పడుకున్నాడు. ఎర్రయ్య తిడుతూనే ఇంటిదాకా మోశాడు. పందెం లేని రోజుల్లో కూడా ఎగువ సంతకు పోయి చింతపండు, అడ్డాకులు వేసుకుని దిగేవాళ్లం. నేను జేబులో పుస్తకం పెట్టుకుని వెళ్లి తడిపేసుకునేవాణ్ని. వాడు దాన్ని బండ మీద ఆరబెట్టి, ఒక్కో పేజీ విడదీసేవాడు. వాడికి చదువు రాదు. పేజీ చినగకుండా విడదీయడం మాత్రం నాకంటే బాగా వచ్చు.

వైశాఖంలో సింహాచలానికి జ్వరం వచ్చింది. సన్నిపాతమన్నారు. నేను విజయనగరంలో టీచరు ట్రైనింగు చివర్లో ఉన్నాను. కార్డు వచ్చి, నేను బస్సెక్కి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. వాడికి ఇరవై రెండేళ్లు.

మాలో ఒక పద్ధతి ఉండేది. జోడీలో ఒకడు పోతే ఆ ఏడాది అతని చోట ఎవరూ కూర్చోరు. పోయినవాడి పెరట్లోంచి బరువైన రాయి ఒకటి తెచ్చి అక్కడ పెడతారు. ఏడాది తిరిగేలోపు మిగిలినవాడు ఆ దోనెను ఏరు దించాలి. దించకపోతే అది మళ్లీ నీళ్లు చూడదు. సింహాచలం నాన్న గున్నయ్య మావ దించొద్దనే అన్నాడు.

"ఆడే నేకపోతే దోనెందుకురా. మొదలూ సివరా కోసేస్తాను. మడికి నీల్లు పారడానికి పనికొస్తాది."

సింహాచలం చేతి రాపిడికి నున్నబడ్డ అంచులున్న దోనె అది. దాన్ని కోసి బురదలో వేస్తారంటే నాకు మనసొప్పలేదు. నేను దించుతానన్నాను.

మావ వెంటనే ఒప్పుకోలేదు. "గెడ పట్టేవోడు నేకుండానా? రాయి గెడ పడతాదేటిరా?"

ఆ మాటలో న్యాయం ఉంది. అంతకుముందు ఇలా దించిన రెండుసార్లూ పోయింది ముందువాడు. వెనకవాడు మిగిలాడు కనుక దోవ చూసుకోగలిగాడు. వెనకవాడు పోయి ముందువాడు మిగలడం అదే మొదటిసారి. నేను వెనకకు వెళ్లి రాయిని ముందు పెట్టుకోవచ్చు. ఎర్రయ్య కూడా అదే చెప్పాడు. కానీ అది సింహాచలం కూర్చునే చోటు. పద్ధతి సంగతి అలా ఉంచి, నాకే అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. తెలివితక్కువ పనే.

ఆ ఉదయం నేను వెళ్లేసరికి వాళ్లింటి ముందు బండి సిద్ధంగా ఉంది. పెరట్లో నూతి దగ్గర కాళ్లు కడుక్కునే రాయిని నలుగురం పట్టి ఎక్కించాం. దాని మీద పాదం పెట్టే చోట పల్లంగా అరిగి ఉంది. ఎర్రయ్య నా వైపు చూసి, "ఈ జోడీ మంచిదిరా. ఆడి లాగ ఎనక కూకుని పాటలు పాడదు," అన్నాడు. అందరం నవ్వాం. సింహాచలం అమ్మ కూడా నవ్వింది. తర్వాత లోపలికెళ్లి రెండు చేతుల నిండా ఎండుగడ్డి తెచ్చింది.

"రాయి కింద ఎయ్యండిరా. గట్టిగా తగల్తాది," అంది. ఎవరికి తగులుతుందో చెప్పలేదు. దోనెకే అనుకున్నాను.

రాతిని తాడుతో కట్టలేదు. కడితే, బోల్తా పడ్డప్పుడు దోనెను కూడా ముంచేస్తుంది. అందుకని గడ్డి పరిచి ఊరికే పెట్టాం.

ఆ ఏడాది మూడే దోనెలు దిగాయి. నాది ముందు. నా వెనక ఎర్రయ్యా వాడి తమ్ముడూ. మూడోది బాగా వెనకబడింది.

మొదటి బండల దగ్గర ఏరు నడుమెత్తు కిందికి దూకుతుంది. అక్కడ దోనె ఒక పక్కకు ఒరిగింది. ముక్కు ఒక్కసారి మునిగి, నా తొడల దాకా నీళ్లొచ్చాయి. అంతలోనే లేచింది. రాయి ముందుకు జరిగి మళ్లీ వెనక్కి పోయి ఉంటుందనుకున్నాను. తిరిగి చూడలేదు. చూసే వీలు కూడా లేదు.

అక్కడి నుంచి దోనె సమంగా నడిచింది. ఇది నేను గట్టిగా చెప్పగలను. ముక్కు ఎత్తుగా, వెనక బరువున్న దోనె ఎలా నడవాలో అలా నడిచింది.

కొంతదూరం పోయాక మోకాళ్లకు దెబ్బలు తెలిశాయి. రాయి కదిలి చెక్కకు కొట్టుకుంటోందనుకున్నాను. కింద వేసిన గడ్డి జారిపోయినట్టుందని కూడా అనుకున్నాను. రెండు దెబ్బలు. నేను కుడికి వేశాను. ఎడమ పక్క నీటి కింద బండ ఉంది, అది నాకు తెలుసు. తర్వాత ఒకటి. ఎడమకు వేశాను. ఆలోచించి వేసింది కాదు. నాలుగేళ్ల అలవాటు. మోకాలికి తెలియగానే చెయ్యి తిరిగేది. రాయి దొర్లుడుకు నేను తెడ్డు వేస్తున్నానని నాకే నవ్వొచ్చింది.

మా రేవుకు అరమైలు పైన ఏరు రెండుగా చీలుతుంది. కుడిది పెద్దపాయ, ఎడమది సన్నపాయ. సన్నపాయలో దోనె రెండు బండల మధ్య రాసుకుంటూ పోవాలి. అందుకే ఎవరూ అటు పోరు. నేను కూడా కుడికే పోదామని ముందే అనుకున్నాను. దోనెను ఆ వైపు తిప్పాను కూడా.

అప్పుడు ఒక దెబ్బ తగిలింది. మిగతావాటి కంటే గట్టిగా తగిలింది. ఒకటే.

చెయ్యి ఎడమకు వేసింది. సన్నపాయలో దోనె పక్కలు గీసుకుంటూ బయటపడ్డాను. ఎర్రయ్య వాళ్లు నా వెనకే సన్నపాయలోకి వచ్చారు. నేనేదో చూసి తిరిగాననుకున్నారట. రెండు పాయలూ కలిసేచోట ఒడ్డు మీదున్నవాళ్లు చేతులూపుతూ పెద్దపాయ వైపు చూపిస్తున్నారు. వేర్లతో సహా కొట్టుకొచ్చిన ఇప్పచెట్టు ఒకటి ఆ పాయకు అడ్డంగా, నీళ్లకు జానెడు కింద ఇరుక్కుని ఉంది. పై నుంచి వచ్చేవాడికి కనపడదు. మూడో దోనెవాళ్లను ఒడ్డు మీదివాళ్లు ఎగువకు పరుగెత్తి, చేతులూపి ఆపారు.

రేవులో మావ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. దోనె ముక్కు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. లాగుతూనే, "రాయేదిరా?" అన్నాడు.

"ఉన్నాది మావా, ఎనకే," అన్నాను. తల తిప్పకుండానే అన్నాను.

అప్పుడు దిగి చూశాను. గడ్డి ఉంది. పరిచిన చోటే, తడిసి, అణిగి ఉంది. రాయి లేదు.

ఎర్రయ్య తన దోనె లాక్కుంటూ వచ్చాడు. "మొదటి బండ కాడే పడిపోనాది కదరా! నా కల్ల ముందే ఎనకనించి జారి పడిపోనాది. గొంతు సించుకుని అరిసినాను, ఇనపడనేదా? ముక్కు మునిగిపోతాదని, నీ పని అయిపోనాదనే అనుకున్నాం."

వాడి తమ్ముడు కూడా చూశానన్నాడు. ఇద్దరూ వేరువేరుగా చెప్పినా ఒకటే చెప్పారు.

మావ దేనికీ ఆశ్చర్యపోలేదు. నన్ను పక్కకు తీసుకెళ్లి అడిగాడు. ఆయన కూడా వయసులో వెనక కూర్చున్నవాడే.

"సన్నపాయకెందుకు తిరిగినావు?"

"దెబ్బ తెలిసినాది మావా."

"ఎన్ని?"

"ఒకటే."

ఆయన దోనె దగ్గరికి వెళ్లాడు. దోనెలోంచి గడ్డి తీసి, నీళ్లు పిండి, ఒడ్డు మీద ఎండకు పరిచాడు. అది పారేయాల్సిన గడ్డి.

ఓడిన ఎర్రయ్యా వాడి తమ్ముడూ దోనె మోశారు. ఆ రోజు తిట్లు లేవు.

నేను దీన్ని ఇలా వదిలేయలేదు. వారం తర్వాత ఎర్రయ్యా నేనూ అదే దోనెను రేవు దగ్గర నిలకడ నీళ్లలో వేసి చూశాం. వెనక ఏమీ పెట్టకుండా నేనొక్కణ్నే ముందు కూర్చున్నాను. మూడుసార్లు చూశాం. మూడుసార్లూ పది తెడ్లు వేసేలోపే ముక్కు మునిగి నీళ్లు నిండాయి. నిలకడ నీళ్లలోనే అలా అయితే బండల్లో మూడు మైళ్లు ఎలా వచ్చిందో తెలియదు.

కారణాలు వెతికాను. వడి నీళ్లు దోనె ముక్కును పైకి ఎత్తి ఉండవచ్చు. దెబ్బలు అడుగున బండలు తగలడం కావచ్చు. చెట్టు ఇరుక్కున్నచోట నీటి రంగులో తేడా చూసి, చూశానని తెలియకుండానే తిరిగి ఉండవచ్చు. ఒక్కొక్కటి విడిగా తీసుకుంటే ఒప్పుకోవచ్చు. అన్నీ ఒకే ఉదయం, ఒకదాని తర్వాత ఒకటి ఎలా కుదిరాయో మాత్రం పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పలేను. అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ అంతే.

ఫాల్గుణంలో ఏరు సన్నబడ్డాక వెళ్లి చూశాం. రాయి మొదటి బండల కిందే ఇసకలో ఉంది. పాదం పల్లం పైకి తిరిగి ఉంది. బండి మీద తెచ్చి పెరట్లో దాని చోట దాన్ని వేశాం. సింహాచలం అమ్మ ఒక చెంబు నీళ్లు దాని మీద పోసి లోపలికెళ్లిపోయింది.

మావ దోనెను కోయలేదు. వైశాఖం వెళ్లాక నన్ను పిలిచి, ఈసారి నువ్వు దిగుతావా అని అడిగాడు. దిగనన్నాను. వెనక ఇంకెవరి దెబ్బకైనా నా చెయ్యి తిరుగుతుందనిపించలేదు. ఆయనకు ఆ మాట చెప్పలేదు, కొత్త ఉద్యోగం అన్నాను. ఆయన ఊళ్లో ఇద్దరు కుర్రవాళ్లను కూర్చోబెట్టి తనే నేర్పాడు. ఆ ఏడాది వాళ్లు గెలిచారని నరసన్నపేటలో నేను పనిచేసే బడికి ఎర్రయ్య కార్డు రాయించాడు. ఆ దోనె ఇంకా కొన్నేళ్లు ఏరు దిగింది.

తర్వాత మాకు ఎగువన గొట్టా దగ్గర ఆనకట్ట కట్టారు. పొలాలకు కాలవ నీళ్లు వచ్చాయి, మంచిదే. ఏటిలోకి మాత్రం అక్కడ వదిలినప్పుడే నీళ్లు రావడం మొదలైంది. అవతలి పొలాలకు జనం రోడ్డు మీదుగా తిరిగి పోతున్నారు. దోనె తొలిచే పనివాళ్లు ఇటికల బట్టీలకు మళ్లారు. పోయిన చలికాలం ఎర్రయ్య పెద్దకార్యానికి వెళ్లినప్పుడు ఏటి ఒడ్డుకు నడిచి వెళ్లాను. బండలు బయటపడి ఉన్నాయి. రెండు పాయల్లోనూ నీళ్లు సన్నగా పారుతున్నాయి.

అక్కడ ఇప్పుడు దోనెలు దించరు.