పిల్లి దువ్వెన మా ఆయన చేతికి వచ్చిన సంగతి

నేరేడ్‌మెట్‌లో మా ఇంటి ముందు గదే నా బ్యూటీ పార్లర్. ఇరవై ఏళ్లకు పైగా ఆడవాళ్ల జుట్టుతోనే నా పని. చిక్కులు, చుండ్రు, చివర్లు చిట్లడం, ఏ తక్లీఫ్‌తో వచ్చినా నా దగ్గర ఏదో ఒక ఉపాయం ఉంటుంది. తిరుమలగిరి నుంచి నా దగ్గరికి వచ్చే ఒకావిడకు ఈ సంగతి బాగా తెలుసు. వాళ్లాయన ఆర్మీలో ఆఫీసరు. ఆయనకు ఎక్కడో దూరానికి బదిలీ అయింది. అక్కడ ఇల్లింకా దొరకలేదు, మూడు రోజుల ప్రయాణం, తన పర్షియన్ పిల్లిని కొన్నాళ్లు ఉంచుకోమని అడిగింది. "దాని జుట్టుకు మీ చెయ్యి కంటే మంచి చెయ్యి ఎక్కడ దొరుకుతుంది?" అని హిందీలో అంది. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను.

మా ఆయన ఒక కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేసి అప్పుడే రిటైరయ్యాడు. ఆయన తల నున్నగా ఉంటుంది, పదిహేనేళ్లుగా దువ్వెన ముట్టలేదు. బుట్టలోంచి పిల్లి దిగడం చూసి, "ఇంట్ల ఉన్న వెంట్రుకలు సాలవా? మళ్ల గిదొకటి తెచ్చినవా?" అన్నాడు. బూడిద రంగు పిల్లి, మెడ చుట్టూ జూలు, ఎప్పుడూ అలిగినట్టుండే చదును మొహం. ఆయన్ను ఒకసారి చూసి వాషింగ్ మెషీన్ వెనక్కి పోయి కూర్చుంది.

మూడు వారాలు గడిచాక ఒక పొద్దున, ఒక కస్టమర్‌కు రంగు వేస్తున్నాను. పిల్లి గది మధ్యలోకి వచ్చి, ఒళ్లు నేలకు ఆనించి, మెడ చాచి, ఖక్ ఖక్‌మని ఓకరించడం షురూ చేసింది. చివరికి వేలెడంత పొడుగున తడితడిగా ఏదో చాప మీద పడింది. కస్టమర్ బల్లి అనుకుని కాళ్లు పైకెత్తి కేకేసింది. కాగితంతో తీసి చూస్తే అంతా వెంట్రుకలే.

నేను కత్తిరించి పడేసిన వెంట్రుకలు తిందనుకున్నాను. ఆ రోజు నుంచి కుర్చీల కిందా, తలుపుల మూలల్లోనూ గంటకోసారి ఊడ్చాను. పిల్లిని పార్లర్‌లోకి రానివ్వలేదు. అయినా పదిరోజులకు మళ్లీ అదే పరిస్థితి. ఈసారి ఎంత ఓకరించినా ఏమీ రాలేదు. ఒక పూట తినలేదు, రెండో పూటా తినలేదు. నేను ఆముదం సీసా తీశాను.

"పాగలైనవా ఏంది? అది మనిషి కాదు. పా దవాఖానకు," అని బుట్టను స్కూటర్ ముందు పెట్టుకున్నది మా ఆయనే.

కాప్రాలో ఉన్న పశువుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. పొట్ట నొక్కి చూసి, ఎక్స్‌రే తీసింది. నేను ఆముదం సంగతి చెప్పాను. "పట్టకపోవుడే మంచిదైంది ఆంటీ. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లకు పోతది," అంది. పార్లర్ వెంట్రుకల సంగతీ ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి నవ్వేసింది.

"మీ కస్టమర్లవి కావు, దాని సొంత వెంట్రుకలే. పిల్లి నాలుక గరుకుంటది కదా, ఒళ్లు నాక్కున్నప్పుడల్లా ఊడిన బొచ్చు కడుపులకు పోతది. మామూలుగైతే దొడ్డికి పోయేటప్పుడు పోతది. ఎక్కువైతే ఉండ కట్టి గిట్ల కక్కుతది. ఎప్పుడో ఒకసారి కక్కితే పరేషాన్ కాకున్రి. తిండి మానేస్తే మాత్రం ఆగొద్దు, వెంటనే తీసుకురండి. రోజూ దువ్వున్రి. దువ్వెనలకు వచ్చినంత బొచ్చు దాని కడుపులకు పోనట్టే."

లోపల ఏదీ గట్టిగా అడ్డం పడలేదట. సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్ చేసి, నాకించడానికి ఒక పేస్టు ఇచ్చింది. సాయంత్రానికి పిల్లి రెండు ముద్దలు తిన్నది.

ఇక దువ్వడం నా పని అనుకున్నాను. నాకు తెలియని విద్యా అది? ముందు కాలు చంకలో బొచ్చు గట్టిగా ముద్దకట్టి కనిపించింది. నా మంచి కత్తెర తెచ్చి ఒక్క కోత కోశాను. పిల్లి చర్మం ఉల్లిపొరలా ఉంటుందని నాకప్పుడు తెలియదు. అది అరిచి, నా చెయ్యి గీరి పారిపోయింది. చూస్తే దాని చంకలో రక్తం. దవాఖానలో దానికి రెండు కుట్లు పడ్డాయి. ఇన్నేళ్లలో ఒక్క చెవి తెగనివ్వని చెయ్యి నాది. ఆ రోజు మళ్లీ కత్తెర ముట్టలేదు. పిల్లి నన్ను చూస్తే చాలు, మెషీన్ వెనక్కి పోయేది.

వారం తర్వాత పొద్దున చాయ్ తీసుకుని వెనక వరండాలోకి వెళ్లాను. మా ఆయన పేపర్ పక్కన పెట్టి కింద కూర్చున్నాడు. పిల్లి ఆయన తొడ మీద ఉంది. ఒక చేత్తో బొచ్చు మొదలు పట్టుకుని, ఇంకో చేత్తో చివర్ల నుంచి కొంచెం కొంచెంగా దువ్వుతున్నాడు. అది తోక ఊపగానే ఆపేశాడు. మళ్లీ తల ఆనించాక మొదలుపెట్టాడు.

"నీకెవరు నేర్పిన్రు?" అన్నాను.

"ఎవరు నేర్పుతరు? అది సాలంటే ఆపుతున్న, గంతే."

నాకు కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజమే. కానీ రిటైరైనప్పటి నుంచి ఏం చేయాలో తోచక గేటు దాకా పోయి వస్తుండే మనిషి మొహంలో అంత నెమ్మది చూసి చాలా రోజులైంది. నేను మెట్టు మీద కూర్చుని చాయ్ తాగాను.

అప్పటి నుంచి రోజూ అదే వేళకు అదే పని. ఎండాకాలంలో ఊలు ఉండంత బొచ్చు వచ్చేది. ఇంట్లో మూడు చోట్ల నీళ్ల గిన్నెలు పెట్టాడు. పొడి గింజలు తగ్గించి తడి తిండి పెంచాడు. పేస్టు దాని ముందు కాలికి రాస్తే అదే నాక్కుంటుందని కనిపెట్టింది కూడా ఆయనే. ఓకరింపులు నెలకు ఒకటయ్యాయి, తర్వాత అవీ అరుదే.

ఏడాది దాటాక ఆఫీసరు భార్య సెలవుల్లో వచ్చింది, పిల్లిని తీసుకుపోతానని ముందే ఫోన్ చేసి మరీ. ఆ పొద్దున మా ఆయన రోజూ కంటే ముందే దువ్వెన తీశాడు. ఆమె వరండాలోకి వచ్చేసరికి పిల్లి వెల్లకిలా పడుకుని పొట్ట దువ్వించుకుంటోంది. ఆమెను గుర్తుపట్టి వేళ్లు వాసన చూసింది, మళ్లీ పడుకుంది.

"నన్ను ఎప్పుడూ పొట్ట ముట్టనివ్వలేదు," అంది ఆమె. "రెండేళ్లకోసారి మాకు బదిలీ తప్పదు. దీన్ని మీ దగ్గరే ఉంచేయమంటారా?"

మా ఆయన తల ఎత్తలేదు. "జెర ఆగున్రి మేడమ్, ఇటుపక్క ఇంకా కాలే," అన్నాడు. అప్పటికే దువ్విన చోటే మళ్లీ దువ్వాడు.

ఆమె కళ్లు తుడుచుకుని నవ్వింది, పిల్లి బుట్ట మాత్రం అడగలేదు. నేను ఆమెను లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టి, జుట్టు చివర్లు కత్తిరించాను.