రెండు గోడలకూ బోర్డు పెట్టించిన మా హెడ్మాస్టరు

మా హెడ్మాస్టరు గారు మొన్న మంగళవారం పోయారు. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఫొటో చూసి తెలుసుకున్నాను. ఫొటో కింద కరస్పాండెంటు గారు "అన్ని సంస్కృతుల పిల్లలనూ అక్కున చేర్చుకున్న విద్యావేత్త" అని రాయించారు. ఆయన్ని కొలువులోంచి ఇంటికి పంపింది అలా చేరదీసినందుకే. నాకు డెబ్బై దాటాయి. మొహమాటాలకు ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జంగారెడ్డిగూడెం పక్కన ఒక ప్రైవేటు బడిలో ఆయన హెడ్మాస్టరు, నేను సోషల్ మాష్టారిని. ఇద్దరం సర్కారు కొలువుల్లో రిటైరై అక్కడ చేరినవాళ్ళమే. ఆయనకొక అలవాటుండేది. తల్లిదండ్రులెవరొచ్చినా వాళ్ళు కూర్చునేదాకా తను కూర్చునేవారు కాదు. నిర్వాసితుల కాలనీ నుంచి వచ్చినవాళ్ళు ఆయన ముందు కూర్చోవడానికి జంకేవారు. దాంతో అందరూ అరగంటసేపు నిలబడే మాట్లాడుకునేవారు. మోకాళ్ళ నొప్పులతో ఆయన ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ ఉండేవారు.

ప్రైవేటు బళ్ళు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని విద్యాహక్కు చట్టం చెప్తుంది. యాజమాన్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా చట్టమే నిలిచింది. అయినా మన రాష్ట్రంలో అది ఏళ్ళ తరబడి కాగితం మీదే పడుకుంది. హైకోర్టు గట్టిగా అడిగాక గానీ కదల్లేదు. ఆ తీర్పులు నేను చదివాను. న్యాయమూర్తుల ఆశ చాలా గొప్పది. డ్రైవరు కొడుకూ యజమాని కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చుంటే దేశం మారుతుందని వాళ్ళు నమ్మినట్టుంది. వాళ్ళలో ఎవరైనా మా కరస్పాండెంటు గారితో ఒక పూట గడిపి ఉంటే ఇంకో నాలుగు పేజీలు రాసేవారు.

అలా మా బడికి పోలవరం ముంపు ఊళ్ళ నుంచి తెచ్చి కాలనీల్లో పెట్టిన కోయవాళ్ళ పిల్లలు వచ్చారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే టైలరు గారమ్మాయి కూడా వచ్చింది. చట్టం వల్ల వచ్చారని స్టాఫ్ రూములో వాళ్ళకి "లా పిల్లలు" అని పేరు పెట్టేశారు. కరస్పాండెంటు గారు వాళ్ళకి మెట్ల పక్కన వేరే గది చూపించారు.

"సీట్లిమ్మంది కోర్టు, ఇచ్చాం. ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా కోర్టే చెప్పాలా అండి?"

"చెప్పే ఉందండి. విడిగా కూర్చోబెట్టకూడదని నిబంధనల్లోనే రాశారు," అన్నారు హెడ్మాస్టరు గారు.

"హైకోర్టు మన బడికొచ్చి చూస్తుందేంటి మాష్టారూ?"

"రాదండి. అందుకేగా నన్ను పెట్టుకున్నారు."

అందరినీ ఒకే గదిలో ఎత్తు ప్రకారం కూర్చోబెట్టారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఎవరూ వంక పెట్టలేని న్యాయమనుకున్నాం. నెల తిరక్కుండానే ఒక కోయ పిల్ల తల్లి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మా పిల్లని ఎనకాలే ఏశారు గదా సారూ."

"ఎత్తు ప్రకారం అమ్మా."

"ఊరు ములిగినాక రెండేళ్ళు బడి లేదు. ఈడు దాటినాక చేరింది. పొడుగుండదా మరి?"

ఆయన వెళ్ళి గది చూశారు. వెనక బెంచీలో కాలనీ పిల్లలే ఎక్కువ. ఆయన తెచ్చిన న్యాయం కరస్పాండెంటు గారు చూపించిన వేరే గదినే వెనక బెంచీగా మార్చి పెట్టింది. మర్నాడు వడ్రంగిని పిలిచి వెనక గోడకి ఇంకో బోర్డు కొట్టించారు. ఆ రోజు నుంచి ఒక వారం ఈ గోడ వైపు పాఠం, ఒక వారం ఆ గోడ వైపు. సోమవారం పొద్దున బెంచీలు తిప్పే చప్పుడు వీధి దాకా వినపడేది. పొడుగువాళ్ళు ముందుకొచ్చిన వారం పొట్టివాళ్ళు బెంచీలెక్కి నిలబడి పాఠం వినేవారు. పాఠాలు సగం గొడవలోనే అయ్యేవి. ఆయన నాతో ఒకటే అన్నారు. "చట్టం పిల్లని గుమ్మం దాటిస్తుందండీ. బోర్డు దాకా తేవడం మన పని."

ఏడాది గడిచాక రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. అప్పుడు గానీ హెడ్మాస్టరు గారు కూర్చోలేదు.

"మా వాడు ఇంట్లో కోయ మాటలు మాట్లాడుతున్నాడండి. ఇంగ్లీషు కోసం కదా చేర్పించింది."

"ఆ భాషకి ఫీజు అడగం లెండి."

ఆసామి నవ్వలేదు. ఇంకో నలుగురిని కూడగట్టి, టీసీలు తీసుకుపోతామని కరస్పాండెంటు గారికి చెప్పాడు. వేసవి సెలవుల్లో హెడ్మాస్టరు గారి వయసు హఠాత్తుగా యాజమాన్యానికి గుర్తొచ్చింది. శాలువా కప్పి పంపించారు. జూన్లో మెట్ల పక్క గది తెరిచారు. ఈసారి దానికి "ప్రత్యేక శ్రద్ధ విభాగం" అని పేరు. పేర్లు పెట్టడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. నేను కూడా మానేశాను. ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు ఆ సంగతి ఎత్తితే, "పిల్లలు కలిసే ఉన్నారాండి?" అని అడిగేవారు. లేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా ప్రతిసారీ అదే అడిగేవారు.

నిన్న బడిలో సంతాప సభ పెట్టారు. కరస్పాండెంటు గారు గంటసేపు సంస్కృతుల గురించి మాట్లాడారు. తర్వాత మెట్ల పక్క గది ఆడపిల్లలతో కోయ నాట్యం చేయించారు, తలకి అట్టతో చేసిన కొమ్ములు కట్టి. కోయవాళ్ళలో కొమ్ములు కట్టుకుని ఆడేది మగవాళ్ళు. పక్క వీధి కాలనీలో ఎవరినడిగినా చెప్పేవారు. ఎవరూ అడగలేదు.

సభయ్యాక పిల్లలంతా కుళాయి దగ్గర మూగారు. రంగులు కడుక్కునేవాళ్ళూ, వాళ్ళ మీద నీళ్ళు చల్లేవాళ్ళూ. ఎవరు ఏ గది పిల్లలో నాకు తెలియలేదు. గంట మోగింది. ఒక్క నిమిషంలో రెండు గుమ్మాల్లోకి విడిపోయారు. మూడో తరగతికి వచ్చిన ఆ పొడుగు పిల్ల ఒక్కతే, తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ, పెద్ద గది గుమ్మం దాకా నడిచి వెళ్ళింది. లోపలికి ఒకసారి చూసింది. ఆ తర్వాత మెట్ల వైపు తిరిగింది.