మాత్రలు మానొద్దన్న మేనత్త

వర్జిన్ కొబ్బరినూనె అమ్మే మహనీయులారా, చెంచాలతో తాగే భక్తులారా, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నందుకు మోకాళ్ళూని క్షమాపణ వేడుకుంటున్నాను. మా మేనత్త పోయిన ఆదివారం, చర్చికని చీర కట్టుకుంటూ, గుండె ఆగి చనిపోయింది. మీ వ్యాపారానికి ఇబ్బందని ఆమెకు తోచలేదు.

హగరి ఊళ్ళో మా ఇంట్లో ఆ నూనె ఆమే తీసేది. పచ్చికొబ్బరి రుబ్బి, పాలు పిండి, పైకి తేలిన మీగడను సన్నసెగన కాచేది. ఇనుప మైన్స్ ఎర్రదుమ్ముకు చేతులు పగిలిన లారీ డ్రైవర్లకు ఊరికే పూసేది. "తోలుకు మంచిది, కూరకు రుచి. దీని గొప్ప ఇంతే, ఈడికి సరి" అనేది.

ఆమె తమ్ముడే మా నాన్న. లారీల తూకం దగ్గర గుమాస్తా, షుగరు మనిషి. పొద్దున్నే నూనె తాగితే ఊపిరితిత్తుల్లో దుమ్ము జారిపోతుందనీ, షుగరు కరిగిపోతుందనీ ఆ నూనె సీసాల్లో అమ్మే ఏజెంటు చెప్పాడు. నాన్న మాత్రలు ఆపేసి ఇంట్లో నూనే తాగాడు. కాలికి అప్పటికే ఉన్న పుండు ముదిరింది. కాలు తీసేయాల్సి రావచ్చన్నాడు డాక్టరు.

మేనత్త నూనె జాడీని బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఏమప్పా, నువ్వు తాగేది పొట్టలోకి పోతాది. దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండాది. రెండింటికీ దారి యాడ కలిసింది?"

"తీసేది నువ్వే, వద్దనేదీ నువ్వేనా అక్కా?"

"తీసేదాన్ని కాబట్టే చెప్తాండా. షుగరు దీంతోనే పోతే నేనెందుకు మాత్రలు మింగుతా? సుమ్నే, మాట్లాడకుండా నోరు తెరువు."

తన కళ్ళెదుట మాత్ర మింగితే గానీ సంగటి పెట్టేది కాదు. పుండు మానింది. నాన్నకు కాలు దక్కింది.

ఆ ఏజెంటే తర్వాత ఆమె ఫోటో తీసి, "మీ ఆరోగ్యమంతా మా నూనేనని రాసుకుంటానమ్మా" అన్నాడు.

"బీపీకీ షుగరుకీ మాత్రలు మింగుతాండా, అదీ రాయి. లేదంటే నా మొకం వాడొద్దు."

బతికున్నన్నాళ్ళూ వాడలేదు. సమాధి చేసిన మర్నాడే రోడ్డు మీద ఫ్లెక్సు లేచింది. మైన్స్ డబ్బులొచ్చినాక మా వైపు ఏడుపు కన్నా ఫ్లెక్సు ముందొస్తుంది. నవ్వుతున్న మేనత్త, పక్కన ఆమె కన్నా పెద్ద సీసా. కింద: "చివరిదాకా ఆరోగ్యం."

నాన్న దాని ముందుకెళ్ళి నిలబడ్డాడు. "అక్క ఇన్నేళ్ళు బతికిందంటే దాంట్లో ఏదో ఉండాది రా" అన్నాడు. ఆ పూట మాత్ర మింగలేదు.

రెండో రోజు ఏజెంటు ఇంటి మీదికొచ్చాడు. నేను ఫ్లెక్సు గుంజలు పీకానట, అతని బండి గాలి తీశానట. ఈ నీచమైన ఆరోపణలను తీవ్రంగా ఖండిస్తున్నాను. నేను చేసింది ఒక్కటే: బ్లేడుతో ఆ సీసాను మాత్రం అంచుల వెంబడి కోసి తీసేశాను.

"ఎవడో గానీ నున్నగా కోసినాడు" అని నాన్న నా వైపు చూడకుండా మాత్ర వేసుకున్నాడు.

ఫ్లెక్సు ఇంకా అక్కడే ఉంది. మేనత్త పక్కన సీసా ఆకారంలో బొక్క. అందులోంచి ఎర్రటి లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఆమె నవ్వుతూనే ఉంటుంది.