లక్ష్మమ్మక్క కొట్టు ఖాళీ చేసిన తీరు

మొన్న మధ్యాహ్నం రాయచూరు బజారులో నడుస్తుంటే ఏదో గిర్నిలోంచి కొత్త మిరపకారం ఘాటు వచ్చి గొంతుకు తగిలింది. దగ్గు ఆపుకోలేక గోడ పట్టుకుని నిలబడ్డాను. కళ్లు తుడుచుకుంటుంటే లక్ష్మమ్మక్క గుర్తొచ్చింది. ఆమె పోయి రెండేళ్లు కావస్తోంది.

మేం తుంగభద్ర కాలువ కింద వరి పండించుకోవడానికి కోస్తా నుంచి మాన్వి దగ్గరికి వచ్చిన వాళ్లం. పెళ్లయ్యాక నేను మాన్వి విడిచి రాయచూరులో బట్టలు కుట్టే కొట్టు పెట్టుకున్నాను. పక్క గదిలోనే లక్ష్మమ్మక్క పిండీ కారం పట్టే గిర్ని. భర్త పోయినప్పటి నుంచి ఆమే నడిపేది. రెండు గదులూ వీరణ్ణ అనే ఆయనవి. ఇద్దరం ఒకేరోజు ఐదేళ్లకు అగ్రిమెంటు రాసుకున్నాం. ఆమెకు చదువు రాదు. చదువొచ్చిన నేను మాత్రం దాన్ని ఒక్కసారైనా తెరిచి చూడలేదు.

గడువు ఇంకా ఐదు నెలలుందనగా ఒకరోజు ఆమె తన కాగితం తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టింది. అది కన్నడంలో ఉంది. నేను బళ్లో చదువుకున్నది కన్నడమే.

“ఏమున్నదో చదువు” అంది. చదివాను.

“ఇంగోసారి చదువు. మెల్లగ.”

రెండోసారి చదివేటప్పుడు కనబడింది: ఇంకా కొనసాగాలనుకుంటే గడువుకు మూడు నెలల ముందే రాసి అడగాలట.

“చూసినవా? మనం నోరు మూస్కోని కూసుంటే మనమే పోతమన్నట్లు” అంది. మర్నాడే ఇద్దరం ఉత్తరాలు ఇచ్చి, నకళ్ల మీద వీరణ్ణ సంతకాలు తీసుకున్నాం.

వీరణ్ణ చెడ్డవాడు కాదు. పాత గదులు పడగొట్టి మేడ కట్టాలనుకున్నాడు. గడువు కాగానే ఖాళీ చేయమన్నాడు. బజారులో అందరిదీ ఒకటే సలహా: కదలొద్దు, కోర్టుకు పోతే ఏళ్లు గడుస్తాయని. నాకూ అదే బాగుందనిపించింది. అప్పుడు నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది.

“కదలకుండా కూర్చుంటే ఆయనేం చేయగలడక్కా?” అన్నాను.

“కోర్టు నడిపియ్యాల్నా, గిర్ని నడిపియ్యాల్నా? రెండు నాతోని కాదు. జాగ ఆయనది, అడుగుతుండు. మనకేం కావాల్నో మనం అడగాలె.”

ఆమెకు కావలసింది ఎండాకాలం. ఊరంతా ఏడాదికి సరిపడా కారం పట్టించుకునేది అప్పుడే. ఆమె బతుకంతా ఆ మూడు నెలల మీదే ఆనుకుని ఉండేది. మా గడువు సరిగ్గా దానికి ముందే ముగుస్తోంది. పక్క వీధిలో ఆమె అప్పటికే ఒక గది చూసుకుంది. గిర్నికి సరిపోయే కరెంటు వస్తుందో లేదో తెలుసుకున్నాకే అద్దె మాట ఎత్తింది. కానీ ఆ కనెక్షన్‌కు టైం పడుతుందన్నారు.

వీరణ్ణ ఇంటికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది.

“కారం దినాలు అయ్యేదాంక ఉండనియ్యన్నా. మూడు నెల్లు.”

“కుదరదమ్మా. మేస్త్రికి మాట ఇచ్చిన.”

“మున్సిపాలిటీ పర్మిషన్ వచ్చిందా?”

“ఇయ్యాలో రేపో వస్తది” అన్నాడాయన. రాలేదని అర్థమైంది.

“వచ్చేదాంక గోడలు ఊకెనే నిలబడ్తయి గద. మేముంటే కిరాయన్న వస్తది. చెప్పిన దినం దాటి ఒక్క పొద్దు ఉంటే నన్నడుగు.”

వీరణ్ణ నవ్వేశాడు. ఇద్దరికీ మూడు నెలలు పొడిగిస్తూ తేదీ వేసి రాసిచ్చాడు. మేం లేచి వస్తుంటే, కొత్త మేడలో మొదటి కొట్టు నీకేనమ్మా అని ఆమెతో అన్నాడు. ఆమె సంతోషంగా చేతులు జోడించింది. తర్వాత మేడ లేచింది, ఆ కొట్టు సెల్‌ఫోన్లు అమ్మేవాళ్లకు పోయింది. నేను మండిపడుతుంటే, “నా తప్పే. మూడు నెల్లకు రాపిచ్చుకుంటి, దీనికి రాపిచ్చుకోకపోతి” అంది. మళ్లీ ఆ కొట్టు మాట ఆమె నోట నేను వినలేదు.

పొడిగించిన గడువు ముగిసే రోజు పొద్దున నేను నా సామాను సర్దుకుంటుంటే పక్క గదిలో తడి సున్నం వాసన వచ్చింది. వెళ్లి చూస్తే, యంత్రం అప్పటికే తరలిపోయింది. లక్ష్మమ్మక్క కొంగు నడుముకు దోపుకుని, కారం పట్టి ఎర్రబారిన గోడకు సున్నం వేస్తోంది. తాళంచెవి తీసుకోవడానికి వచ్చిన వీరణ్ణ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఏందమ్మా ఇది? ఎల్లుండి పడగొట్టే గోడకు సున్నమేంది?”

ఆమె కుంచె దించలేదు. “నేను తీసుకున్నప్పుడు తెల్లగున్నదన్నా” అంది.

ఆ తర్వాత నేను రెండు కొట్లు మారాను. ఒకచోట యజమానితో మాటామాటా వచ్చింది కూడా. అయినా తాళంచెవి ఇచ్చే ముందు గది ఊడ్చి, నేను కొట్టిన మేకులన్నీ పీకి, ఆ చిల్లులు పూడ్చే వచ్చాను. ఎందుకంత శ్రమ అని మావారు అడిగారు. ఆ రెండు వీధుల్లోనూ ఈనాటికీ నేను తల వంచుకోకుండా నడుస్తాను.